త్రిభుజాల సర్వసమానత్వ నిరూపణ: థేల్స్ నుంచి హిల్బర్ట్ వరకు

4.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- త్రిభుజాల సర్వసమానత్వ నియమాలు చరిత్రలో ఏ క్రమంలో రూపొందాయో వివరించగలుగుతారు.
- యూక్లిడ్ నిరూపణలలో ఏది దేనిపై ఆధారపడి ఉందో గుర్తించగలుగుతారు.
- భు.కో.భు. నియమాన్ని ఆధునికులు సిద్ధాంతంగా కాక స్వీకృతంగా ఎందుకు తీసుకున్నారో కారణాలతో చెప్పగలుగుతారు.
- ఒక నిరూపణలో చక్రదోషం ఉన్నదీ లేనిదీ పరిశీలించగలుగుతారు.

4.1 పరిచయం

భు.కో.భు., కో.భు.కో., భు.భు.భు., లం.క.భు. అనే నాలుగు సంక్షిప్త పదాలు మీరు పాఠశాలలోనే విని ఉంటారు. పరీక్షలో ‘భు.కో.భు. నియమం ప్రకారం’ అని కారణం రాసి మార్కులు పొంది ఉంటారు. అయితే ఆ నియమానికి కారణం ఏమిటి అన్న ప్రశ్న తరగతిలో సాధారణంగా రాదు. చరిత్రలో మాత్రం అది రెండు వేల ఏళ్లకు పైగా నలిగిన ప్రశ్న. పెద్ద పెద్ద గణితవేత్తలు దానిపై వాదులాడుకున్నారు. 1899లో అది ఒక కొలిక్కి వచ్చింది.

‘సర్వసమానం’ అనే మాటలోనే దాని అర్థం ఉంది. సర్వ విధాలా సమానమైనది సర్వసమానం. ఒక త్రిభుజానికి మూడు భుజాలు, మూడు కోణాలు కలిపి ఆరు అంశాలు ఉంటాయి. రెండు త్రిభుజాలలో ఆరింటికి ఆరు అనురూప అంశాలూ సమానమైతే అవి సర్వసమానాలు. ఆరింటినీ సరిచూడనక్కర లేదు, తగిన మూడింటిని చూస్తే మిగిలిన మూడూ వాటంతట అవే సమానమవుతాయి అన్నదే మన నియమాల సారాంశం. మూడు తెలిస్తే ఆరు తెలుస్తాయి అనే ఈ పొదుపు ఎక్కడి నుంచి వచ్చింది? దానికి హామీ ఎవరు? ఈ భాగంలో మనం పరిశీలించేది ఇదే.

4.2 థేల్స్: ఒడ్డు నుంచి ఓడ దూరం

గ్రీకు రేఖాగణిత చరిత్రను క్రీ.పూ. 6వ శతాబ్దానికి చెందిన మిలీటస్ నగరవాసి థేల్స్‌తో ప్రారంభించడం ఆనవాయితీ. క్రీ.శ. 5వ శతాబ్దంలో ప్రోక్లస్ అనే తత్త్వవేత్త యూక్లిడ్ మొదటి గ్రంథానికి వ్యాఖ్య రాస్తూ ఒక విషయం పేర్కొన్నాడు. రెండు కోణాలు, ఒక భుజం సమానమైతే త్రిభుజాలు సమానమనే సిద్ధాంతాన్ని అరిస్టాటిల్ శిష్యుడైన యుడీమస్ థేల్స్‌కు ఆపాదించాడట. సముద్రంలో ఉన్న ఓడల దూరాన్ని థేల్స్ కనుక్కొన్న పద్ధతికి ఆ సిద్ధాంతం అవసరం కాబట్టి అని యుడీమస్ చెప్పిన కారణం.

ఆ పద్ధతి ఏమిటో వివరంగా మనకు అందలేదు. చరిత్రకారులు ఊహించిన ఒక విధానం ఇది. ఒడ్డు మీద క అనే చోట, ఓడకు సరిగ్గా ఎదురుగా నిలబడండి. అక్కడి నుంచి ఒడ్డు వెంబడి లంబంగా 50 అడుగులు నడిచి ఖ వద్ద ఒక కర్ర పాతండి. అదే దిశలో ఇంకొక 50 అడుగులు నడిచి గ చేరండి. ఇప్పుడు సముద్రానికి వీపు పెట్టి, ఒడ్డుకు లంబంగా లోపలికి నడుస్తూ, కర్రా ఓడా ఒకే వరుసలో కనిపించిన చోట ఆగండి. ఆ చోటు ఘ అనుకుందాం. గఘ దూరమే ఓడ దూరం.

కారణం చూడండి. క వద్ద, గ వద్ద లంబకోణాలు ఉన్నాయి. ఖ వద్ద ఉన్నవి శీర్షాభిముఖ కోణాలు. కఖ = ఖగ. రెండు కోణాలు, వాటి మధ్య భుజం సమానం కాబట్టి రెండు త్రిభుజాలు సర్వసమానాలు. నీటి మీద కొలవలేని దూరాన్ని నేల మీదికి తెచ్చి కొలిచామన్నమాట.

ఇక్కడ చరిత్ర విద్యార్థి ఒక జాగ్రత్త పాటించాలి. యుడీమస్ గ్రంథం నేడు లభ్యం కాదు. ప్రోక్లస్ థేల్స్‌కు దాదాపు వెయ్యేళ్ల తరువాతి వాడు. పైగా యుడీమస్ మాట సాక్ష్యం కాదు, అనుమానం: ‘పద్ధతికి సిద్ధాంతం అవసరం, కనుక సిద్ధాంతం ఆయనకు తెలిసి ఉండాలి’. ఒక నియమాన్ని వాడటం వేరు, దాన్ని నిరూపించడం వేరు. థేల్స్ వాడి ఉండవచ్చు. నిరూపించాడని చెప్పడానికి మన దగ్గర ఆధారం లేదు.

4.3 యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’

క్రీ.పూ. 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో యూక్లిడ్ కూర్చిన ‘ఎలిమెంట్స్’లో 13 గ్రంథాలు ఉన్నాయి. మొదటి గ్రంథంలో 48 ప్రతిపాదనలు. వాటిలో సర్వసమానత్వానికి సంబంధించినవి మూడు:

- 4వ ప్రతిపాదన: రెండు భుజాలు, వాటి మధ్య కోణం (భు.కో.భు.)
- 8వ ప్రతిపాదన: మూడు భుజాలు (భు.భు.భు.)
- 26వ ప్రతిపాదన: రెండు కోణాలు, ఒక భుజం (కో.భు.కో., కో.కో.భు.)

లం.క.భు. నియమానికి యూక్లిడ్ ప్రత్యేక ప్రతిపాదన ఇవ్వలేదు. పైథాగరస్ సిద్ధాంతంతో మూడో భుజం సమానమని చూపితే అది భు.భు.భు. కిందికి వస్తుంది.

మరొక విశేషం. ‘సర్వసమానం’కు తగిన ప్రత్యేక పదం యూక్లిడ్ వాడలేదు. భూమి భూమికి సమానం, త్రిభుజం త్రిభుజానికి సమానం, మిగిలిన కోణాలు మిగిలిన కోణాలకు సమానం అని విడివిడిగా చెప్పాడు. ఆయన భాషలో ‘త్రిభుజం సమానం’ అంటే వైశాల్యం సమానమని అర్థం.

4.3.1 నాలుగో ప్రతిపాదన

కఖగ, చఛజ అనే రెండు త్రిభుజాలలో కఖ = చఛ, కగ = చజ, క కోణం = చ కోణం అనుకుందాం. యూక్లిడ్ వాదన ఇలా సాగుతుంది. మొదటి త్రిభుజాన్ని రెండో దానిపై ఆనించండి. క బిందువు చ మీద, కఖ రేఖ చఛ వెంబడి ఉండాలి. కఖ = చఛ కాబట్టి ఖ వచ్చి ఛ మీద పడుతుంది. కోణాలు సమానం కాబట్టి కగ రేఖ చజ వెంబడి పడుతుంది. కగ = చజ కాబట్టి గ వచ్చి జ మీద పడుతుంది. చివరలు రెండూ కలిశాయి కనుక ఖగ భుజం ఛజతో ఏకీభవిస్తుంది. లేకపోతే రెండు సరళరేఖలు ఒక ప్రదేశాన్ని చుట్టుముట్టవలసి వస్తుంది, అది అసాధ్యం. ఒకదానితో ఒకటి ఏకీభవించేవి సమానాలు అనే సామాన్య భావనతో నిరూపణ ముగుస్తుంది.

ఈ పద్ధతిని అధ్యారోపణం అంటారు. కాగితం త్రిభుజాలను కత్తిరించి ఒకదానిపై ఒకటి పెట్టి చూపించే తరగతి గది కృత్యం ఇదే. చూడగానే నమ్మకం కలుగుతుంది. కానీ యూక్లిడ్ ఇచ్చిన ఐదు స్వీకృతాలను ఒకసారి గుర్తు చేసుకోండి. రెండు బిందువులను రేఖతో కలపవచ్చు; రేఖను పొడిగించవచ్చు; ఇచ్చిన కేంద్రం, వ్యాసార్ధంతో వృత్తం గీయవచ్చు; లంబకోణాలన్నీ సమానం; ఐదోది సమాంతర రేఖలకు సంబంధించినది. పటాన్ని ఎత్తి ఇంకొక చోట పెట్టవచ్చునని ఏ స్వీకృతమూ చెప్పలేదు. ఆ అనుమతి యూక్లిడ్‌కు ఎక్కడిది? ఈ ప్రశ్నను గుర్తుపెట్టుకోండి.

4.3.2 ఐదు, ఎనిమిది: క్రమం ఎందుకు ముఖ్యం?

5వ ప్రతిపాదన: సమద్విబాహు త్రిభుజంలో భూమి వద్ద కోణాలు సమానం. యూక్లిడ్ సమాన భుజాలను పొడిగించి, భు.కో.భు. నియమాన్ని రెండుసార్లు వాడి దీన్ని నిరూపించాడు. క్రీ.శ. 4వ శతాబ్దంలో పాపస్ ఇంకా సులువైన దారి చూపాడు. కఖ = కగ అయిన త్రిభుజాన్ని ఒకసారి కఖగ అనీ, ఇంకొకసారి కగఖ అనీ చదవండి. కఖ, కగ భుజాలు వరుసగా కగ, కఖలకు సమానం. క కోణం ఉమ్మడి. భు.కో.భు. ప్రకారం ఆ త్రిభుజం తనకు తానే, తిరగేసిన క్రమంలో, సర్వసమానం. కాబట్టి ఖ కోణం = గ కోణం. అదనపు గీత ఒక్కటి కూడా అవసరం లేదు.

8వ ప్రతిపాదనను, అంటే భు.భు.భు. నియమాన్ని, యూక్లిడ్ మళ్లీ అధ్యారోపణంతోనే నిరూపించాడు. ప్రోక్లస్ తన వ్యాఖ్యలో ఫైలో పేరిట వేరొక నిరూపణ ఇచ్చాడు. రెండు త్రిభుజాలనూ ఉమ్మడి భూమి ఖగకు ఇరువైపులా ఉంచి, శీర్షాలు క, చలను కలపండి. కఖ = చఖ, కగ = చగ కాబట్టి రెండు సమద్విబాహు త్రిభుజాలు ఏర్పడతాయి. 5వ ప్రతిపాదనను రెండుసార్లు వాడి, వచ్చిన కోణాలను కూడితే క కోణం = చ కోణం అవుతుంది. (కచ రేఖ భూమికి బయటగా పోతే కూడడానికి బదులు తీసివేస్తాం, భూమి చివర గుండా పోతే ఒకసారి వాడితే చాలు.) ఇక భు.కో.భు. వర్తిస్తుంది.

ఇప్పుడు చాలామంది విద్యార్థులు రాసే ఒక నిరూపణను పరిశీలిద్దాం. ‘సమద్విబాహు త్రిభుజంలో భూమి మధ్యబిందువు మ తీసుకొని కమ కలపండి. కఖ = కగ, ఖమ = మగ, కమ ఉమ్మడి. భు.భు.భు. ప్రకారం రెండు త్రిభుజాలు సర్వసమానాలు. కనుక ఖ కోణం = గ కోణం.’ ఇందులో ప్రతి వాక్యమూ నిజమే. కానీ భు.భు.భు. నియమాన్ని పైన చెప్పిన ఫైలో పద్ధతిలో నిరూపించి ఉంటే, ఆ నిరూపణ సమద్విబాహు త్రిభుజ సిద్ధాంతం మీదే నిలబడి ఉంది. దేన్ని నిరూపించాలో దాన్నే ముందుగా వాడుకున్నట్లయింది. దీన్నే చక్రదోషం అంటారు.

నిజమైన వాక్యాలన్నీ పేర్చినంత మాత్రాన నిరూపణ కాదు. ఏది ముందు, ఏది తరువాత అన్న క్రమం కూడా నిరూపణలో భాగమే. యూక్లిడ్ తన ప్రతిపాదనలకు సంఖ్యలు వేసి వరుసగా పేర్చడంలోని ప్రయోజనం ఇదే.

4.3.3 ఇరవై ఆరో ప్రతిపాదన

ఇక్కడ యూక్లిడ్ అధ్యారోపణం జోలికి పోలేదు. ఖ కోణం = ఛ కోణం, గ కోణం = జ కోణం, ఖగ = ఛజ అనుకుందాం. కఖ, చఛ సమానం కావని, కఖ పెద్దదని అనుకుంటే, దానిపై ఖట = చఛ అయ్యేలా ట బిందువు తీసుకోవచ్చు. భు.కో.భు. ప్రకారం టఖగ, చఛజ సర్వసమానాలు. అప్పుడు టగఖ కోణం = జ కోణం = కగఖ కోణం. భాగం మొత్తానికి సమానం కావడం అసంభవం. కాబట్టి కఖ = చఛ. మిగతాది భు.కో.భు. చూసుకుంటుంది. ఇది పరోక్ష నిరూపణ.

ఇచ్చిన భుజం రెండు కోణాల మధ్యది కానప్పుడు, అంటే కో.కో.భు. విషయంలో, ఇంకొక సాధనం కావలసి వచ్చింది: త్రిభుజ బాహ్యకోణం అంతరాభిముఖ కోణాల కన్నా పెద్దది అనే 16వ ప్రతిపాదన. 26వ ప్రతిపాదన అంత ఆలస్యంగా రావడానికి ఇదొక కారణం. గోళం మీద గీసిన త్రిభుజాలకు ఆ బాహ్యకోణ నియమం వర్తించదు, అక్కడ కో.కో.భు. కూడా ఎల్లప్పుడూ నిలవదు. దీనికి భిన్నంగా, మూడు కోణాలు సమానమైతే గోళీయ త్రిభుజాలు సర్వసమానాలని క్రీ.శ. 100 ప్రాంతంలో మెనెలాస్ చూపాడు. సమతలంపై మూడు కోణాల సమానత్వం సరూపతను మాత్రమే ఇస్తుంది. నియమాలు తలాన్ని బట్టి మారుతాయన్నమాట.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
అ) థేల్స్ సర్వసమానత్వ సిద్ధాంతాన్ని నిరూపించాడని ఎందుకు నిశ్చయంగా చెప్పలేము?
ఆ) పాపస్ నిరూపణలో సర్వసమానమైన రెండు త్రిభుజాలు ఏవి?

4.4 నియమం కాని నియమం: భు.భు.కో.

రెండు భుజాలు, వాటి మధ్య లేని కోణం సమానమైతే చాలదా? చాలదు. ఒక రేఖపై ఖ అనే బిందువు తీసుకోండి. అక్కడి నుంచి 16 ప్రమాణాల దూరంలో ల వద్ద 12 ప్రమాణాల లంబం లేపి, దాని కొనను క అనండి. అప్పుడు కఖ = 20. ఇప్పుడు ల కు ఇరువైపులా 5 ప్రమాణాల దూరంలో గ, ఘ బిందువులు గుర్తించండి. ఖ వైపు ఉన్నది ఘ. కగ = కఘ = 13. కఖగ త్రిభుజం భుజాలు 20, 13, 21. కఖఘ త్రిభుజం భుజాలు 20, 13, 11. రెండింటిలోనూ ఖ కోణం ఒక్కటే. అయినా అవి సర్వసమానాలు కావు. ఏ మూడు అంశాలైనా సరిపోవు, తగిన మూడు కావాలి అనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఈ పటాన్ని స్వయంగా గీసి చూడండి.

4.5 గ్రంథ ప్రయాణం

‘ఎలిమెంట్స్’ అరబ్బీలోకి, 12వ శతాబ్దంలో అరబ్బీ నుంచి లాటిన్‌లోకి అనువాదమైంది. 1482లో వెనిస్‌లో తొలిసారి అచ్చయింది. మన దేశంలో 18వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో, జైపూర్ రాజు సవాయ్ జైసింగ్ ఆస్థానంలోని జగన్నాథ సమ్రాట్, నసీరుద్దీన్ తూసీ అరబ్బీ పాఠం ఆధారంగా దీన్ని ‘రేఖాగణితం’ పేరుతో సంస్కృతంలోకి తెచ్చాడు. అందులో 15 అధ్యాయాలు ఉన్నాయి. మనం ఈనాడు వాడే ‘రేఖాగణితం’ అనే మాట ఆ గ్రంథం పేరే కావడం గమనించదగిన విషయం.

గ్రంథంతో పాటు సందేహాలు కూడా ప్రయాణించాయి. రేఖాగణితంలోకి చలనాన్ని తీసుకురావడం తగదని 1077లో ఒమర్ ఖయ్యాం ఆక్షేపించాడు. సమాంతర రేఖల విషయంలో ఇబ్న్ అల్ హైతం చేసిన వాదన ఆయన విమర్శకు గురి. అయితే అదే అభ్యంతరం 4వ ప్రతిపాదనకూ వర్తిస్తుంది.

4.6 అధ్యారోపణంపై ఆక్షేపణలు

1557లో ఫ్రెంచి గణితవేత్త జాక్ పెలెటియే యూక్లిడ్‌కు రాసిన వ్యాఖ్యలో ఈ ప్రశ్నను సూటిగా ఎత్తాడు. పటాలను ఎత్తి పెట్టడం యాంత్రికమైన పని, అది రేఖాగణితం గౌరవానికి తగదని ఆయన వాదన. అంతేకాదు, అధ్యారోపణం సమ్మతమే అయితే 2వ, 3వ ప్రతిపాదనలకు యూక్లిడ్ అంత శ్రమ పడటం ఎందుకు? ఒక రేఖాఖండాన్ని వేరొక చోటికి చేర్చడానికి అక్కడ యూక్లిడ్ సమబాహు త్రిభుజమూ వృత్తాలూ గీశాడు. ఎత్తి పెట్టవచ్చుననుకుంటే ఒక్క వాక్యంలో పని అయిపోయేది. యూక్లిడ్‌కు కూడా ఈ పద్ధతి మీద పూర్తి ఇష్టం లేదని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. 26వ ప్రతిపాదనలో అవకాశం ఉండి కూడా దాన్ని వాడకపోవడమే వారు చూపే ఆధారం.

బెర్ట్రండ్ రసెల్ 1902లో యూక్లిడ్ బోధనపై రాసిన వ్యాసంలో 4వ ప్రతిపాదన నిరూపణను చాలా కటువుగా తోసిపుచ్చాడు. తార్కికంగా ఆ అభ్యంతరం ఇది. కదిలేవి వస్తువులు, బిందువులు కదలవు. ‘త్రిభుజాన్ని కదిలిస్తే దాని కొలతలు మారవు’ అంటున్నాం. మారలేదని ఎలా తెలుసు? కదిలిన తరువాతి త్రిభుజం ముందున్న దానికి సర్వసమానం అని చెప్పగలిగితేనే తెలుస్తుంది. అంటే సర్వసమానత్వాన్ని వివరించడానికి చలనాన్ని తెచ్చాం, చలనాన్ని వివరించడానికి సర్వసమానత్వం కావలసి వచ్చింది. మళ్లీ అదే చక్రదోషం.

4.7 హిల్బర్ట్ పరిష్కారం

1899లో జర్మన్ గణితవేత్త డేవిడ్ హిల్బర్ట్ రేఖాగణిత పునాదులపై ప్రచురించిన గ్రంథంలో స్వీకృతాలను ఐదు వర్గాలుగా విభజించాడు. వాటిలో ఒకటి సర్వసమానత్వ వర్గం. భు.కో.భు. నియమంలోని ముఖ్యాంశాన్ని ఆయన స్వీకృతంగానే పెట్టాడు: రెండు భుజాలు, వాటి మధ్య కోణం సమానమైతే మిగిలిన కోణాలు సమానం.

మూడో భుజం మాటేమిటి? దాన్ని నిరూపించవచ్చు. ఖగ, ఛజ సమానం కావనుకోండి. ఛజ కిరణంపై ఛట = ఖగ అయ్యేలా ట తీసుకోండి. కఖ = చఛ, ఖగ = ఛట, ఖ కోణం = ఛ కోణం. స్వీకృతం ప్రకారం ఖకగ కోణం = ఛచట కోణం. కానీ ఖకగ కోణం = ఛచజ కోణం అని మనకు ముందే తెలుసు. ఒక కిరణానికి ఒకే పక్కన ఇచ్చిన కోణం ఒక్క విధంగానే వేయగలమని మరొక స్వీకృతం. కాబట్టి చట, చజ ఒకే కిరణం, ట, జ ఒకే బిందువు. దీంతో భు.కో.భు. పూర్తయింది. ఎక్కడా ఏదీ కదలలేదు.

‘నిరూపించలేక స్వీకృతం అనేశాడు కదా’ అని మీకు అనిపించవచ్చు. హిల్బర్ట్ ఆ సందేహానికి కూడా సమాధానం ఇచ్చాడు. మిగిలిన స్వీకృతాల నుంచి భు.కో.భు.ను రాబట్టడం అసాధ్యమని చూపాడు. అందుకు కోణాలను మామూలుగానే ఉంచి, పొడవును కొలిచే పద్ధతిని మార్చిన ఒక నమూనా తయారు చేశాడు. దాని సమతల రూపం ఇది. రెండు బిందువుల మధ్య అడ్డు భేదం అ, నిలువు భేదం ని అనుకుందాం. మామూలు పొడవు √(అ² + ని²). హిల్బర్ట్ నమూనాలో పొడవు √((అ + ని)² + ని²).

మూల బిందువు వద్ద లంబకోణం ఉన్న రెండు త్రిభుజాలు తీసుకోండి. మొదటి దాని మిగిలిన శీర్షాలు (1, 0), (0, 1). రెండో దానివి (1, 0), (0, -1). కొత్త పద్ధతిలో కొలిస్తే:

- మొదటి త్రిభుజం: లంబకోణం పక్క భుజాలు 1, √2. మూడో భుజానికి అ = -1, ని = 1. కాబట్టి పొడవు √(0 + 1) = 1.
- రెండో త్రిభుజం: లంబకోణం పక్క భుజాలు 1, √2. మూడో భుజానికి అ = -1, ని = -1. కాబట్టి పొడవు √(4 + 1) = √5.

రెండు భుజాలు, మధ్య కోణం సమానం. అయినా మూడో భుజం ఒక చోట 1, ఇంకొక చోట √5. ఈ నమూనాలో మిగిలిన స్వీకృతాలన్నీ నిలుస్తాయి, భు.కో.భు. మాత్రం నిలవదు. అంటే వాటి నుంచి ఇది రాదు. యూక్లిడ్ నిరూపణలో లోపించినది నైపుణ్యం కాదు, ఒక స్వీకృతం.

4.8 తరగతి గదిలో

యూక్లిడ్ దారి అంతటితో మూతపడలేదు. 1872లో ఫెలిక్స్ క్లైన్ రేఖాగణితాన్ని పరివర్తనల దృష్టితో చూడవచ్చునని ప్రతిపాదించాడు. స్థానాంతరం, భ్రమణం, పరావర్తనం అనేవాటి ధర్మాలను ముందే స్వీకృతాలుగా పెట్టుకుంటే అధ్యారోపణం నిర్దోషమైన నిరూపణ అవుతుంది. అమెరికాలో 2010 నాటి కామన్ కోర్ ప్రమాణాలు సర్వసమానత్వాన్ని ఈ దారిలోనే నిర్వచించాయి. మన ఎన్.సి.ఇ.ఆర్.టి. తొమ్మిదో తరగతి పాఠ్యపుస్తకం హిల్బర్ట్ దారికి దగ్గరగా నడిచింది: అందులో భు.కో.భు. స్వీకృతం, కో.భు.కో. సిద్ధాంతం. పాఠశాలలో ఆ తేడా మీ కంట పడి ఉండకపోవచ్చు. ఇప్పుడు మళ్లీ తెరిచి చూడండి.

రెండు దారులలోనూ ఏదో ఒకటి ఒప్పుకొని ప్రారంభించక తప్పదు. ఒప్పుకున్నదేమిటో బహిరంగంగా చెప్పడమే గణితంలో నిజాయితీ. కాగితం కత్తిరించి ఆనించి చూడటం తప్పు కాదు. పిల్లలకు చెప్పేటప్పుడు అది తప్పనిసరి కూడా. అయితే అది నమ్మకం కలిగించే ప్రయోగమే తప్ప నిరూపణ కాదని చెప్పే బాధ్యత బోధించేవారిది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
అ) పెలెటియే తన వాదనకు 2వ, 3వ ప్రతిపాదనలను ఎలా ఉపయోగించుకున్నాడు?
ఆ) హిల్బర్ట్ నమూనాలో (0, 0), (2, 0) మధ్య దూరం, (0, 0), (0, 2) మధ్య దూరం లెక్కించండి.

4.9 సారాంశం

సర్వసమానత్వం మొదట దూరాలు కొలిచే సాధనంగా థేల్స్ పేరుతో కనిపిస్తుంది. యూక్లిడ్ దాన్ని ప్రతిపాదనల క్రమంలో అమర్చాడు. 4వ, 8వ ప్రతిపాదనలకు అధ్యారోపణాన్ని, 26వ దానికి పరోక్ష నిరూపణను వాడాడు. అధ్యారోపణానికి స్వీకృతాలలో ఆధారం లేదని పెలెటియే, రసెల్ వంటివారు ఎత్తిచూపారు. భు.కో.భు. మిగిలిన స్వీకృతాల నుంచి రాదని హిల్బర్ట్ 1899లో చూపి దాన్ని స్వీకృతం చేశాడు. చలనానికి స్వీకృతాలు ఇచ్చి యూక్లిడ్ పద్ధతిని నిలబెట్టే దారి కూడా ఉంది. నిరూపణ విలువ అందులోని వాక్యాల సత్యం మీదే కాక, వాటి క్రమం మీద, ముందుగా ఒప్పుకున్న వాటి మీద ఆధారపడి ఉంటుంది.

4.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. యూక్లిడ్ 4వ ప్రతిపాదన నిరూపణను వివరించి, దానిపై వచ్చిన ఆక్షేపణలను చర్చించండి.
2. భు.కో.భు. విషయంలో హిల్బర్ట్ చేసిన పరిష్కారాన్ని ఉదాహరణతో వివరించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సమద్విబాహు త్రిభుజ సిద్ధాంతాన్ని భు.భు.భు.తో నిరూపించడంలో చక్రదోషం ఎప్పుడు వస్తుంది? భూమి మధ్యబిందువుకు బదులు శీర్షకోణ సమద్విఖండన రేఖను గీస్తే అది తప్పుతుందా?
2. లంబం 12, కఖ = 15, కగ = 13 తీసుకొని భు.భు.కో. నియమం చెల్లదని చూపండి.
3. అధ్యారోపణంలో చక్రదోషం ఉందన్న వాదనను మీ మాటలలో రాయండి.